రెండో కేబుల్

మా ఆయన పోయి నలభై ఏడు రోజులైంది. ఇంతవరకూ నేను గట్టిగా ఏడవలేదు. ఏడవలేదని చుట్టాలు చెవులు కొరుక్కున్నారు కూడా. కొరుక్కోనీ. నాకేమీ అనిపించడం లేదు, అంతే. పళ్ల డాక్టరు మత్తుసూది వేశాక పెదవి ఉందో లేదో తెలియదు చూడండి, నాకు ఒళ్లంతా అలా ఉంది.

ఇద్దరం ఇంట్లోనే పనిచేసేవాళ్లం. నేను డాక్యుమెంటరీలు ఎడిట్ చేస్తాను. నేను కోసి అతికించినదానికి ఆయన పక్కగదిలో కూర్చుని రంగులు సరిదిద్దేవారు. ఫుటేజీ అంతా హాల్లో చెప్పుల స్టాండు పక్కనున్న సర్వర్‌లో ఉంటుంది. దాన్నుంచి స్విచ్ అనే చిన్న డబ్బాకు ఒక్కటే కేబుల్, అక్కణ్ణుంచి మా గదులకు చెరొకటి. అందుకని ఇద్దరం ఒకేసారి ఫుటేజీ లాగితే వేగం సగానికి పడిపోయేది. "లాగుతున్నారా?" అని గోడ మీద కొట్టేదాన్ని. "నువ్వాపు," అనేవారు అటునుంచి. ఇరవై రెండేళ్ల కాపురంలో దీనికి పోట్లాడుకున్నంతగా మేం దేనికీ పోట్లాడుకోలేదు.

ఇప్పుడు వేగానికేం లోటు లేదు. లాగేది నేనొక్కదాన్నే.

చేతిలో ఉన్న సిరీస్‌లో ఇంకా ఆరు భాగాలకు రంగులు దిద్దాలి. నిర్మాత మర్యాదస్తుడు, ఐదు వారాలు నోరెత్తలేదు. ఆ తర్వాత ఒక కొత్త కలరిస్టును వెతికి నంబరు పంపాడు. ఫుటేజీ మా ఇల్లు దాటకూడదని ఒప్పందం కాబట్టి అతనే సోమవారం నుంచి మా ఇంటికొచ్చి కూర్చుంటాడట. కాదంటే సిరీస్ మొత్తం వేరేవాళ్లకు పోతుంది. అది మా ఇద్దరి రెండేళ్ల పని. సరే అంటే ఆ గదిలో ముక్కూ మొహం తెలియనివాడు కూర్చుంటాడు.

"మా సర్వర్ ఇద్దరిని మోయలేదండీ," అన్నాను నిర్మాతతో. ఆడలేక మద్దెల ఓడు అంటారే, అది. ఇన్నేళ్లూ ఇద్దరిని మోసిన సర్వరే అది. శనివారం సాయంత్రంలోగా ఆ మనిషికి ఫోన్ చేసి ఏదో ఒకటి చెప్పెయ్యమన్నాడు నిర్మాత.

అదే సాకు మా ఆడపడుచుకీ చెప్పాను. అక్కడ చేశాను తప్పు. తన ఉద్యోగమే ఆఫీసులకు నెట్‌వర్క్‌లు కట్టడం. శనివారం పొద్దున్నే సంచి నిండా సరంజామాతో దిగింది.

"మోయలేకపోవడమేంటి వదినా? దీని వెనక రెండు పోర్టులున్నాయి, ఒకటి ఖాళీగా ఏడుస్తోంది. రెండో కేబుల్ వేసి, రెంటినీ కలిపి ఒక్కటిగా కట్టేస్తే సరి. అన్నయ్యకి పదిసార్లు చెప్పా, వింటేగా!"

"మీ అన్నయ్య ఎవరి మాట విన్నారు గనక," అన్నాను. వద్దనడానికి నా దగ్గర ఇంకో సాకు లేదు.

చెప్పులు పక్కకు నెట్టి నేలమీద మఠం వేసుకుని కూర్చుంది. కేబుల్ గుచ్చగానే పని అయిపోదట. ఈ రెండూ ఒక జట్టు అని సర్వర్‌కూ చెప్పాలి, స్విచ్‌కూ చెప్పాలి. ఒకదానికి చెప్పి రెండోదానికి చెప్పకపోతే అసలుకే మోసం. ల్యాప్‌టాప్ ఒళ్లో పెట్టుకుని రెంటికీ చెప్పింది. నేను టార్చి పట్టుకుని నిలబడ్డాను. అరగంటలో సర్వర్ వెనక రెండు ఆకుపచ్చ దీపాలు మిణుకుమన్నాయి.

"ఇప్పుడు నువ్వు నీ గదిలో ఓ పెద్ద ఫైలు లాగు. నేను అన్నయ్య మెషీన్‌లో లాగుతా. ఒక్కదానివే లాగితే తేడా తెలీదు. ఒక్కళ్లకి ఎప్పుడూ ఒక్క కేబులే వదినా, ఇద్దరుంటేనే రెండోదానితో పని."

తను మామూలుగానే అంది. నేనూ మామూలుగానే విన్నాను.

పక్కగది తలుపు తెరుచుకున్న చప్పుడైంది. నా తెర మీద వేగం సెకనుకు నూట పది మెగాబైట్ల దగ్గర నిలకడగా ఉంది. ఉన్నట్టుండి యాభై ఐదుకు పడింది.

నా చెయ్యి దానంతటదే గోడ మీదికి వెళ్లింది. కొట్టేశాను కూడా. అటుపక్క ఉన్నది ఆయనే. ఆ రెండు క్షణాలూ నాకు అనుమానమే లేదు. ఎంత సంతోషమేసిందో చెప్పలేను.

"ఏంటి వదినా?" అంది ఆడగొంతు.

"సగానికి పడింది," అన్నాను.

"నాకూ అంతే. ఆగు." కాసేపు గొణుక్కుంది. "దొరికింది. నెట్‌వర్క్‌లో నీ మెషీన్ నంబరు పన్నెండు, అన్నయ్యది పద్నాలుగు. ఎవరికి ఏ కేబులో సర్వర్ ఆ నంబర్ని బట్టే పంచుతుంది, సరిసంఖ్యకొకటి, బేసికొకటి. రెండూ సరిసంఖ్యలయ్యేసరికి ఇద్దరం ఒకే కేబుల్ మీద పడ్డాం. ఇదేం నంబర్లు పెట్టడమో!"

ఏం పెట్టడమో నాకు తెలుసు. ఆయనకు బేసి సంఖ్య అంటే గిట్టదు. టీవీ సౌండు ఇరవై ఒకటి మీద ఉంటే పనిమాలా లేచి వెళ్లి ఇరవై రెండు చేసి వచ్చేవారు. మూడు బిస్కెట్లు పెడితే ఒకటి తిరిగిచ్చేవారు. పెళ్లయిన కొత్తలో ఇదేం పిచ్చిరా బాబూ అనుకున్నాను. తర్వాత్తర్వాత నేనే మూడు పెట్టడం మానేశాను.

"అన్నయ్యది పదిహేను చేసెయ్యనా?"

వద్దందామనుకున్నాను. వద్దంటే ఎందుకో చెప్పాలి.

"చెయ్యి," అన్నాను.

మళ్లీ ఇద్దరం లాగాం. నూట పది. లేచి వెళ్లి పక్కగది గుమ్మంలో నిలబడి చూశాను. ఆయన కుర్చీలో కూర్చున్న తన ముందు తెర మీదా నూట పదే.

"ఇప్పుడు నేను లాగుతున్నట్టు ఏమన్నా తెలిసిందా నీకు?"

"లేదు."

"చూశావా మరి! పక్కగదిలో మనిషున్నట్టే తెలీదింక," అంది గర్వంగా.

నేను అక్కడే నిలబడి కొత్త కలరిస్టుకు ఫోన్ చేశాను. చిన్నవాడే, గొంతులో తెలుస్తోంది.

"సర్వర్ సమస్య తీరిందా మేడమ్?"

"తీరింది. సోమవారం వచ్చెయ్యండి."

"నేనేమన్నా తెచ్చుకోవాలా? మెషీన్, మానిటర్ ఏమైనా?"

"అన్నీ ఉన్నాయి," అన్నాను. పాలవాడికి రేపు అర లీటరు చాలని చెప్పినట్టే ఉంది నా గొంతు. "కుర్చీ మాత్రం మీది మీరు తెచ్చుకోండి."

మా ఆడపడుచు ఆ కుర్చీలోంచి మెల్లగా లేచి నిలబడింది.