ఎన్యోనమ్ ఎడమచెయ్యి

బడికి మొదటిరోజు. అవ్వ తన మోకాళ్ళకు షియా గింజల వెన్న రుద్దుతుంటే ఎన్యోనమ్ కాలు నిలవక గెంతుతోంది.

"కదలకే పిల్లా! బూడిద పూసినట్టు పొడిబారిన మోకాళ్ళతో బడికెళ్తే నన్నంటారు."

కేటా ఊళ్ళో మేనమామ కోబ్లా లారీల మీద రంగులతో పేర్లు రాస్తాడు. ఆరేళ్ళ మేనకోడలికి అతని పక్కన కూర్చునే అక్షరాలన్నీ పట్టుబడ్డాయి. దూరాన కుమాసిలో పని దొరికి ఆ సాయంత్రమే అతను వెళ్ళిపోతున్నాడు.

"బడిలో ఏం రాశావో చెప్పాలి. నువ్వొచ్చాకే లారీ ఎక్కుతాను," అన్నాడు.

బడిలో "పేరు రాయడం ఎవరికొచ్చు?" అని టీచరు అడిగితే ఎన్యోనమ్ ఒక్కతే లేచింది. ఎడమచేత్తో సుద్దముక్క అందుకుని బోర్డు మీద మొదటి అక్షరం గుండ్రంగా రాసింది. వెనక నవ్వులు లేచాయి. టీచరు చటుక్కున ఆమె మణికట్టు పట్టుకుంది.

"ఆ చేత్తో పెద్దవాళ్ళకు నీళ్ళిస్తావా?"

"ఇవ్వను, టీచర్."

"మరి చదువుకు మర్యాద అక్కర్లేదూ?"

సుద్దముక్క కుడిచేతిలోకి మారింది. గీత వంకరపోయింది, సుద్ద విరిగింది. టీచరు కొట్టలేదు. జాలిగా తల నిమిరి, ఏమీ రాని పిల్లలతో పాటు చివరి వరుసలో కూర్చోబెట్టింది.

"నెమ్మదిగా వస్తుందిలే."

ఆ మాటకే ఏడుపొచ్చింది. మిగతావాళ్ళు నిలువుగీతలు దిద్దుతుంటే, తను ఎడమచేతిని తొడకింద దాచుకుని కూర్చుంది.

మధ్యాహ్నం కొబ్బరిచెట్ల నీడలో మొక్కజొన్న పొట్టులో చుట్టిన కెంకే పిండిముద్ద విప్పుకుంటే ఒక పిల్ల కేకేసింది: "ఏ చేత్తో తింటావే, ఎడమదానా?"

ఎన్యోనమ్ కుడిచెయ్యి పైకెత్తి చూపించింది. అయినా పక్కన ఎవరూ కూర్చోలేదు.

ఇంటిదారంతా మామకు చెప్పాల్సినవి కూడబలుక్కుంది. ఏ చేత్తో రాస్తోందో అతనెన్నడూ అడగలేదు. రేపు టీచరుతో మాట్లాడమనాలి. లారీ ఒక్కరోజు ఆగదా?

వాకిట్లో అవ్వ ఒక్కతే ఎండుచేపలు తిరగేస్తోంది.

"లారీ ముందే వచ్చేసిందే తల్లీ. నీకోసం దారికేసి చూశాడు, చూశాడు. డ్రైవరు ఆగనన్నాడు."

"మళ్ళీ ఎప్పుడొస్తాడు?"

"క్రిస్మస్‌కేమో. ఇంతకీ ఏం రాశావే బడిలో?"

ఎన్యోనమ్ కుడిచేత్తో ఒక చేపను తిరగేసింది.

"నా పేరు."

"అంతా మెచ్చుకున్నారా?"

"ఆఁ."

అవ్వ మురిసిపోయి మళ్ళీ చేపల మీదికి వంగింది. ఎన్యోనమ్ పెరట్లోకి వెళ్ళింది. తాడు మీద మామ పనిచొక్కా వేలాడుతోంది, ఆరేదాకా ఆగే వ్యవధి లేక వదిలేసినది. ఎరుపు, పసుపు రంగుల మరకలున్న దాని అంచునుంచి నీళ్ళు ఇంకా ఇసుకలోకి బొట్లుబొట్లుగా కారుతున్నాయి.