పేరడగని పేజీ

1999 డిసెంబరు. కామారెడ్డిలోని మా కంప్యూటర్ సెంటర్ నుంచి, దుబాయి వెళ్లినవాళ్లకు ఇంటి కబుర్లు చేర్చే వెబ్‌పేజీ తయారుచేశాను. కబుర్లన్నీ ఒకే ఎక్స్ఎంఎల్ ఫైలులో ఉంటాయి. వాటిలో ఏది, ఎలా కనబడాలో స్టైల్‌షీట్ చెబుతుంది. అక్కడివాడు ఊరు, పేరు కొట్టగానే సర్వర్ మీది స్క్రిప్టు ఫైలునూ స్టైల్‌షీట్‌నూ కలిపి, అతని కబురు మాత్రమే చూపిస్తుంది. ఎవరూ నేర్పకుండానే నేర్చుకున్నాను. గర్వపడితే తప్పా?

మొదటి శుక్రవారం, వాళ్ల సెలవు రోజు. ఎల్లారెడ్డి నుంచి పోచవ్వ పొద్దున్నే వచ్చి కూర్చుంది. ఆమె భర్త లింగయ్య రేపు ఇంకో రెండేళ్లకు సంతకం పెట్టాలి. వాళ్ల క్యాంపులో ఫోను లేదు; సెలవునాడు బజారులోని ఇంటర్నెట్ సెంటర్‌కు వస్తేనే కబురు చూడగలడు. "పెట్టకు, ఇంటికి రా" అన్న ఆమె కబురు ఇవాళే అతనికి అందాలి.

ఎవరేం వెతుకుతున్నారో నా తెరమీద కనబడుతోంది. ఎల్లారెడ్డి, లింగయ్య: ఏమీ లేదు. మళ్లీ లింగయ్య: ఏమీ లేదు. ఫైలు తెరిచాను. పేరు ఉండాల్సిన చోట 'హన్మండ్లు బాపు', అంటే హన్మండ్లు తండ్రి, అని ఉంది.

నన్ను అక్కలా చూసే, కబుర్లు టైపు చేసే కుర్రాణ్ని పిలిచాను. "కరీం, గిదేంది?"

"మొగని పేరు ఎవ్వరు చెప్తలేరు ఆపా. పిల్లల పేరుతోని చెప్పిన్రు, గట్లనే కొట్టిన."

ఎద్దు ఈనిందంటే దూడను గాటన కట్టెయ్యమనే రకం కరీం. అలాంటివి నూట నలభై కబుర్లు. తిట్టబోయి ఆగాను. పోచవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నేల చూస్తోంది. ఆమె ఎలా చెబుతుంది? తప్పు నా పేజీది.

కబుర్లను ముట్టుకోలేదు. స్టైల్‌షీట్‌లో ఒక షరతు, స్క్రిప్టులో ఒక ప్రశ్న మార్చాను: "మీ పిల్లల్లో పెద్దవాళ్ల పేరు?" రెండుసార్లు తప్పు కొట్టాను. మూడోసారి సర్వర్ ఒప్పుకుంది.

ఎల్లారెడ్డి, హన్మండ్లు: ఒక కబురు. కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. ఇంత సంతోషం నాకు పరీక్ష పాసైనప్పుడు కూడా కలగలేదు.

నాలుగు నిమిషాలకు పేజీలోనే లింగయ్య జవాబు వచ్చింది. పోచవ్వకు చదివి వినిపించాను.

"సంతకం పెట్ట. వస్తున్న."

ఆమె బెంచీ నా దగ్గరికి జరుపుకుంది.

"ఇంకోసారి సదువు చెల్లె," అంది.