మురిసోక ఏమీ చెయ్యదు

"డ్రమ్ముకి మూత ఏదమ్మా?"

రెసీఫె నగరంలో, కాలువ పక్క పేటలో, ఎద్లేవుజా ఈ మాట అనని రోజు లేదు. ఆమె దోమల శాఖ ఇన్‌స్పెక్టరు. చేతిలో టార్చిలైటుతో ఇల్లిల్లూ తిరగడం, నీళ్లు నిలవున్న చోటల్లా వంగి చూడడం, పురుగు కనిపిస్తే మందు వేసి ఆ ఇంటి ఆడదాన్ని నాలుగు మాటలనడం ఆమె పని. అనడంలో ఆమెకు కొంత తృప్తి కూడా ఉండేది.

"మూత మొన్నటి పోటుకి కాలువ పొంగి కొట్టుకుపోయింది," అంది నేయిదీ, బట్టలు పిండుతూనే. "దూకి తెచ్చిపెట్టు. నీకు ఈత వచ్చుగా!"

"హాస్యాలొద్దు నేయిదీ. దోమ పుట్టేది నీ డ్రమ్ములోనే."

"పుడుతుంది తల్లీ, పుడుతుంది. మా డ్రమ్ముల్లోనే పుడుతుంది. ఇన్‌స్పెక్టరమ్మ గారింట్లో అయితే..." నేయిదీ అక్కడితో నాలిక కరుచుకుంది.

ఎద్లేవుజా టార్చి ఆర్పేసి బయటికి వచ్చింది. ఆ మిగిలిన మాట ఏమిటో ఆమెకు తెలుసు. ఆమె మనవడు కవా చిన్న తలతో పుట్టాడు. ఆ ఏడు ఆ పేటలో అలా పుట్టినవాడు వాడొక్కడే కాదు. కడుపుతో ఉండగా తల్లికి దోమ కుట్టి, జ్వరం వచ్చి, ఒంటి మీద ఎర్రటి దద్దుర్లు లేచి, మూడు రోజుల్లో మరిచిపోయిన రోగం బిడ్డ మెదడును పట్టుకుందని డాక్టర్లు చెప్పారు. బిడ్డను చూసిన వారానికే ఎద్లేవుజా కొడుకు అదేయిల్సన్ నది అవతల స్నేహితుడి గదికి మకాం మార్చేశాడు.

"మా అమ్మ ఊరందరికీ మూతలు పెట్టమని చెప్తది. నా పెళ్లానికి ఇంట్లో ఒక్క డ్రమ్ముకి పెట్టడం చేతకాలేదు," అని అందరి దగ్గరా అన్నాడు. ఈ మాట కోడలు టాసియానీ చెవినా పడింది. కవా ఏడుపు ఒక పట్టాన ఆగేది కాదు. వాడిని భుజాన వేసుకుని గోడ వైపు తిరిగి ఊపుతూ ఉండేది.

ఆ పేటలో దోమకు రెండు పేర్లు. పగటిపూట కుట్టేది, కాళ్ల మీద తెల్ల పట్టీలున్నది, దాచుకున్న మంచినీళ్లలో పుట్టేది జ్వరాల దోమ. దానికందరూ భయపడతారు. చీకటి పడ్డాక మురుగుకాలువ నుంచి గుంపులుగా లేచి చెవి దగ్గర పాడేది మురిసోక. దాన్ని చరిచి చంపుతారు, నవ్వుకుంటారు. పుట్టిన దగ్గర్నుంచీ వింటున్న పేరు కనుక అది చుట్టం లాంటిది.

కవా కడుపులో ఉండగా, మూడో నెలలో టాసియానీ ఒక సాయంత్రం గుమ్మంలో కూర్చుని కాళ్లు గోక్కుంటూ అడిగింది: "అత్తా, ఒకటే కుడుతున్నాయి. ఏమన్నా అవుతుందా?"

ఎద్లేవుజా కర్రపెండలం తొక్క తీస్తోంది. తల ఎత్తలేదు. "మురిసోకేలే. అది ఏమీ చెయ్యదు."

తానలా అన్నానని ఆమె తర్వాత ఎవరికీ చెప్పలేదు.

ఆమధ్య డాక్టర్ కన్సుఎలు అనే పరిశోధకురాలు ఆ పేటలో దోమలు పట్టుకెళ్లింది. మురిసోక కూడా ఈ జ్వరపు వైరస్‌ను మోస్తుందేమో చూస్తున్నామంది. ఆ సంగతి విని అదేయిల్సన్ తల్లికి ఫోను చేశాడు. "ఏ దోమో తేల్చుకురా అమ్మా. కాలువదైతే ఇంటికొస్తా. డ్రమ్ముదైతే తప్పు టాసియానీదే, నన్ను పిలవొద్దు."

ఎద్లేవుజా ల్యాబుకు బయల్దేరింది. బస్సులో కిటికీ పక్కన కూర్చుని, తాను ఏ జవాబు కోరుకుంటోందో తేల్చుకోలేకపోయింది. మురిసోక దోషి అయితే కోడలు బయటపడుతుంది, కొడుకు తిరిగి వస్తాడు. కానీ ఆ సాయంత్రం తానన్న మాట దోషి అవుతుంది. డ్రమ్ము దోమ అయితే తన మాట బతుకుతుంది. తన లోపల ఒక మూల ఆ రెండోదాన్నే కోరుకుంటోందని గ్రహించి ఆమె కళ్లు మూసుకుంది.

"కూర్చోండి ఎద్లేవుజా గారూ," అంది డాక్టరు. వలగుడ్డ కప్పిన గిన్నెల్లో దోమలు కదులుతున్నాయి. "రక్తంతో పాటు వైరస్ దోమ కడుపులోకి పోతుంది. అంతమాత్రాన అది రోగం అంటించలేదు. కడుపు గోడ దాటాలి, ఒళ్లంతా పాకాలి, చివరికి లాలాజలంలోకి చేరాలి. అప్పుడే కాటుతో మనిషికి ఎక్కుతుంది. డ్రమ్ము దోమలో దాటుతుంది, అందులో అనుమానం లేదు."

"మురిసోకలో?"

"మా దగ్గర కొన్నింట్లో దాటింది. వేరే దేశాల్లో చేస్తే దాటలేదన్నారు. ఒకే జాతి దోమ కూడా ఒక్కో ఊళ్లో ఒక్కోలా ఉంటుంది. ఇంకా తేలలేదమ్మా."

"మరి మా కోడల్ని కుట్టింది ఏది?"

డాక్టరు కళ్లజోడు తీసింది. "అది ఎప్పటికీ తెలియదు. ఆ దోమ చచ్చి చాలా కాలమైంది."

ఎద్లేవుజా గుండె తేలికపడింది. తన మాట దోషి కాకుండా తప్పించుకున్నందుకే తేలికపడిందని అర్థమయ్యాక, డాక్టరు మొహం చూడలేక లేచి నిలబడింది.

ఆదివారం అదేయిల్సన్ వచ్చి గుమ్మం బయటే నిలబడ్డాడు. "ఏ దోమ?"

"తెలియదంట. ఎప్పటికీ తెలియదంట," అంది ఎద్లేవుజా. "కానీ ఒకటి విను. కడుపుతో ఉన్నప్పుడు, దోమలు కుడుతున్నాయి ఏమన్నా అవుతుందా అని అది నన్ను అడిగింది. మురిసోకేలే, ఏమీ చెయ్యదని చెప్పింది నేను. తప్పు కావాలంటే నాది రాసుకో."

"నువ్వు దాన్ని వెనకేసుకొస్తున్నావ్."

"కొళాయి వారానికోసారి వస్తే డ్రమ్ము పెట్టుకోక ఏం చేస్తుందిరా? ఇన్నేళ్లు టార్చేసి డ్రమ్ముల్లోకే చూశాను. తల పైకెత్తి ఆ ఎండిన కొళాయిని చూడలేదు. ఆ కాలువ ఎవడు తెరిచి వదిలేశాడని అడగలేదు. ఆడవాళ్లను తిట్టడం తేలిక, అందుకని వాళ్లనే తిట్టాను."

అదేయిల్సన్ లోపలికి ఒకసారి చూశాడు. కవా ఏడుస్తున్నాడు. "ఏదో ఒకటి తేలితే చెప్పు," అని వెళ్లిపోయాడు.

ఎద్లేవుజా లోపలికి వచ్చింది. టాసియానీ గోడ వైపే నిలబడి ఉంది. అంతా విన్నదని ఆమె భుజాలు చెబుతున్నాయి. కొడుకును ఒప్పించే సాక్ష్యం కోసం తాను ల్యాబు దాకా వెళ్లిందే గాని, సాక్ష్యం అక్కర్లేని మాట కోసం ఈ పిల్ల పక్కగదిలోనే ఎదురుచూస్తోందని ఎద్లేవుజాకు తట్టనే లేదు.

"తప్పు నీది కాదమ్మా," అంది.

టాసియానీ వెనక్కి తిరిగింది. "ఇది ముందే అని ఉండాల్సింది అత్తా," అని బిడ్డను ఆమె చేతుల్లో పెట్టి, మొదటిసారిగా కూర్చుని ఏడ్చింది.

ఏ దోమ ఏ వైరస్‌ను మోస్తుందో తేల్చడానికి శాస్త్రానికి ఇంకా ఎన్నేళ్లు పడుతుందో తెలియదు. అది తేలేదాకా మనం చెయ్యగలిగింది ఒకటుంది: నీళ్లు దాచుకున్న తల్లిని బోనులో నిలబెట్టడం మానేసి, నీళ్లివ్వని వాళ్లను అడగడం.