అవతలి ఒడ్డు సమ్మె

గేటు దగ్గర చెల్లెల్ని వాచ్‌మన్లు రెక్క పట్టి ఈడుస్తుంటే కాలరక్క కుట్టుమిషన్ వదిలి పరుగెత్తింది. చొక్కాలకు కాలర్లు కుట్టడంలో ఆమెను మించినవాళ్లు లేరని షెడ్డంతా పెట్టిన పేరది. చెల్లెలి కాపురం ఏటి అవతల, పక్క దేశంలో. అక్కడా ఇదే యజమాని ఫ్యాక్టరీ ఉంది. కాలర్లు ఇక్కడ, చొక్కా చేతులు అక్కడ కుట్టేవాళ్లు.

వాచ్‌మన్లను నెట్టేసి ఆడవాళ్లు చెల్లెల్ని లోపలికి తెచ్చారు. పెదవి చిట్లింది.

"మా నోటికాడ కూడు ఎవరు లాక్కున్నారో చూద్దామని వచ్చానక్కా. మేం సమ్మెలో ఉన్నాం. మా పని మీరెలా కుడుతున్నారు?"

కాలరక్క తన మిషన్ పక్కనున్న చొక్కా చేతుల కట్టవైపు చూసింది. ఆ పని వచ్చిందని మొన్న ఎంత సంబరపడ్డారు! ప్రభుత్వం రోజుకు పన్నెండు గంటల పని చట్టం తెచ్చినప్పుడు యూనియన్ నాయకుడు, అంటే ఈ అక్కచెల్లెళ్ల సొంత అన్నయ్య, బల్లెక్కి నచ్చజెప్పాడు. పక్క దేశంలో కూలి చవక, మనం ఇంకాసేపు కష్టపడితే పని మన దగ్గరికే వస్తుందన్నాడు. మొదట చెయ్యెత్తింది కాలరక్కే. పని రాగానే చట్టం పుణ్యమే అనుకున్నారు. చేయి తిరగని పనైనా, తప్పు కుట్లు విప్పుకుంటూ పోటీలు పడి కుట్టారు.

"మీరు చవకగా చేస్తారనే కదా మేం ఒప్పుకుంది," అంది బొత్తాలు కుట్టే పిల్ల.

"మాకు మీ పేరు చెప్పారమ్మా. అవతల పన్నెండు గంటలు చేస్తున్నారు, మీరూ చేయండన్నారు. సమ్మె చేస్తే జైలని మా ప్రభుత్వం చట్టం తెచ్చింది. అయినా దిగాం."

అప్పుడే అన్నయ్య వచ్చాడు.

"అక్కడ సమ్మె అని నీకు తెలుసా?" అడిగింది కాలరక్క.

"మంత్రిగారు చెప్పారు. వాళ్ల దేశం గొడవ మనకెందుకు? నేను మీ కడుపులు చూశాను."

తండ్రి పోయాక ఇద్దర్నీ పెంచిన అన్నయ్య. ఆయన మాటకు తిరుగులేదని ఇంటింటికీ తిరిగి చెప్పింది తనే. కాలరక్కకు కోపం కన్నా ముందు సిగ్గు ముంచుకొచ్చింది.

"నా మాట విని మోసపోయారు," అందామె షెడ్డువైపు తిరిగి. "వాళ్ల పని ఇంక ముట్టొద్దు."

"పని పోతే నా పిల్లల్ని నువ్వు సాకుతావా?" అడిగింది ఇస్త్రీ చేసే పిన్ని.

"సాకలేను పిన్నీ. కానీ రేపు మన పని ఇంకో దేశానికి పట్టుకుపోతారు. అక్కడా ఇలాంటి అన్నయ్య ఒకడు దొరుకుతాడు."

 పిన్ని ఇస్త్రీపెట్టె స్విచ్చి కట్టేసింది. ఒక్కొక్క మిషనూ ఆగిపోయింది.

పోలీసులొచ్చారు. "అవతలి దేశం మనిషి ఎవరు?" అడిగాడు ఇన్‌స్పెక్టర్. ఎవరూ పెదవి విప్పలేదు. అన్నయ్య తల దించుకునే వేలు చూపించాడు.

చెల్లెల్ని వ్యాన్ దగ్గరికి లాక్కెళుతుంటే కాలరక్క అడ్డం వెళ్లింది.

"నన్నూ ఎక్కించండి. మాది ఒకటే ఫ్యాక్టరీ."

"మాదీ అదే," అంది పిన్ని వెనక నుంచి.

వ్యాన్ చుట్టూ జనం మూగారు. మిషన్ల దగ్గరికి పొమ్మని అన్నయ్య అరుస్తూనే ఉన్నాడు. ఒక్కరూ కదల్లేదు.