గోడలో అతుకు

గోడకు ప్లాస్టరింగ్ చేయకముందే లోపలి వైర్లు ఇన్‌స్పెక్టరుకు చూపించాలన్నది నగరంలో రూలు. వైరింగ్ మేస్త్రీ ఈసారి చూపించకముందే ప్లాస్టరింగ్ చేయించేశాడు. పడకగదిలో వైరు జానెడు తక్కువైతే, కొత్తది లాగడానికి బద్ధకించి, అతుకు వేసి టేపు చుట్టి, అది వేడెక్కి అంటుకోవచ్చని తెలిసీ గోడలో కప్పెట్టేశాడు మరి.

పగలగొట్టి చూపించమంటాడేమోనని పొద్దుటి నుంచీ అతను ఆ గోడ దగ్గరే తచ్చాడుతున్నాడు. తీరా ఇన్‌స్పెక్టరు ఆ గోడ వంకైనా చూడలేదు.

"ఇరవై ఏళ్లుగా చూస్తున్నా, నీ పనికి వంక పెట్టేదేముందయ్యా!" అంటూ కాగితం మీద సంతకం గీకేశాడు.

బతుకుజీవుడా అనుకోవాల్సింది. కానీ ఆ మెప్పు మేస్త్రీకి చెంపదెబ్బలా తగిలింది. తలెత్తలేకపోయాడు.

ఇంతలో ఇల్లు కట్టించుకుంటున్నావిడ వచ్చింది.

"అన్నా, మా అమ్మ మంచం ఈ గోడవారగా వేద్దామనుకుంటున్నా. తను లేవలేదు కదా, స్విచ్చి చేతికందుతుంది."

"వద్దమ్మా! ఎక్కడైనా వేసుకో గానీ, ఆ గోడకి మాత్రం వద్దు!" మేస్త్రీ నోరు జారాడు.

పెన్నుకు మూత పెడుతున్న ఇన్‌స్పెక్టరు చెయ్యి ఆగింది. మేస్త్రీ మొహం చూశాడు, గోడ చూశాడు. సంతకం చేసిన కాగితాన్ని అడ్డంగా చింపేసి, "సుత్తి నీ సంచిలోనే ఉందిగా?" అన్నాడు.