మంచం కింద రెండు కట్టలు

హరితకు తెలుగు అర్థమవుతుంది. ఆ ముక్క ఎవరడిగినా ధైర్యంగా చెబుతుంది. దాని తర్వాతి ముక్క మాత్రం చెప్పదు. నాన్న జనార్దనరావు సైన్యంలో సుబేదారు. జలంధర్, జబల్‌పూర్, ఇప్పుడు ఢిల్లీ కంటోన్మెంటు. ఇంట్లో అమ్మ తెలుగులో తిడుతుంది, ఈమె హిందీలో ఎదురు చెబుతుంది, ఇద్దరికీ పనులు జరిగిపోతున్నాయి. ఇంక అక్షరాలు నేర్పే తీరిక ఎవరికి దొరికింది గనక?

ధౌలా కువాన్ దగ్గర కాలేజీలో చేరాక మొదలైంది తంటా. క్యాంటీన్‌లో ఓ మూల బల్ల తెలుగు పిల్లలది. వాళ్ల మాటలు ఈమెకు అర్థమయ్యేవి, నవ్వెందుకో అర్థమయ్యేది కాదు. ఉత్తరాది పిల్లలు "నువ్వు సౌత్ కదా" అంటారు. తెలుగు పిల్లలు "నువ్వు ఇక్కడిదానివి కదా" అంటారు. ఏడాదిన్నరగా అటూ ఇటూ కాకుండా ఒంటరిగా సమోసా తింటున్న పిల్లను, క్లాసులో పక్కన కూర్చునే శ్రుతి ఒకరోజు పిలిచింది. "ఆదివారం సాకేత్‌లో మన సినిమా. పొద్దున ఆట. వస్తావా?"

హరిత ఎగిరి గంతేసినంత పని చేసింది.

"గ్రూపులో కలుపుతాను. అందులో అంతా తెలుగులోనే రాసుకుంటాం. చదవడం వచ్చుగా?"

"ఆ, వచ్చు," అంది హరిత. రాదంటే ఆ పిలుపు అక్కడే ఆగిపోతుందేమోనని భయం. ఆ రెండు రోజులూ గ్రూపులో వచ్చిన ప్రతి మెసేజీనీ ఫోన్ చేతే పైకి చదివించుకుని, చెవి దగ్గర పెట్టుకుని వింది. పాపం, ఎంత కష్టమో చూడండి.

ఆదివారం ఎనిమిదింటికల్లా అందరూ ఓల్డ్ రాజిందర్ నగర్‌లో మహేష్ గదికి చేరాలి. మహేష్ శ్రుతికి బాబాయి కొడుకు. ఒంగోలు వాడు. సివిల్స్ రాయడం ఇది నాలుగోసారి. మెయిన్స్‌కి తెలుగు సాహిత్యం తీసుకున్నాడు. ఒక మంచం, ఒక బల్ల, గోడ నిండా మ్యాపులు, మిగిలిన చోటంతా పుస్తకాలు. వీళ్లు వెళ్లేసరికి అతను గదిలో లేడు. టిఫిన్ కట్టించుకు రావడానికి కిందికెళ్లాడట. శ్రుతి, ఆమె స్నేహితుడు దీపు, హరిత, ముగ్గురూ ఆ గదిలో ఎలాగో సర్దుకున్నారు.

"ముందు కాగితాలు చింపాలి," అంది శ్రుతి అద్దం ముందు జడ వేసుకుంటూ.

"కాగితాలా? క్యోం? ఎందుకు?"

"హీరో వచ్చినప్పుడు ఎగరెయ్యాలి కదే!"

"హీరో తెర మీద కదా వస్తాడు? ఉసే క్యా పతా?"

"వాడికి తెలియకపోయినా ఎగరెయ్యాలి," అన్నాడు దీపు, ఇంత చిన్న విషయం చెప్పాల్సి వచ్చిందే అన్నట్టు.

హరితకు ఏమీ బోధపడలేదు. అయినా అచ్ఛా అంది. ఇంతలో శ్రుతి ఫోన్ మోగింది. అవతల మహేష్, స్పీకర్‌లో పెట్టింది. "మంచం కింద రెండు కట్టలున్నాయి. ఒకటి పాత టెస్ట్ పేపర్లు, అది చింపుకోండి. మీద రాసే ఉంటది, చూసి తియ్యండే."

"హరితా, విన్నావుగా? చదివి పాతవి తియ్యి," అంది శ్రుతి నోట్లో పిన్ను పెట్టుకుని.

హరిత మోకాళ్ల మీద వంగి రెండు కట్టలూ బయటికి లాగింది. రెండింటి మీదా ఎర్ర పెన్నుతో ఏదో రాసి ఉంది. ఒకదాని మీద చిన్న మాట, ఇంకోదాని మీద కాస్త పెద్ద మాట. ఫోన్‌కి చూపిస్తే చదివి పెడుతుంది, కానీ పక్కనే దీపు నిలబడ్డాడు. సరే, బుర్ర వాడదామనుకుంది. ఒక కట్ట శుభ్రంగా, మడత నలగకుండా ఉంది. ఇంకోదాని అంచులు చిరిగాయి, టీ మరకలు, మూలలన్నీ వంగిపోయాయి. నలిగినవే కదా పాతవి! ఎవరైనా అలాగే అనుకుంటారు. ఆ నలిగిన కట్ట పట్టుకుని బాల్కనీలో ఎండలో కూర్చుంది.

ఎంత శ్రద్ధగా చింపిందో చెప్పలేను. గోరంత ముక్కలు. అరవై డెబ్భై కాగితాలు. తనకు ఇచ్చిన మొదటి పని మరి. దీపు వచ్చి చూసి, "అబ్బ, ఏం చింపావే! నువ్వు మనమ్మాయివే!" అన్నాడు. ఆ మాటకు ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. ముక్కలన్నీ అందరి జాకెట్ల జేబుల్లో కుక్కారు. మహేష్ తెచ్చిన ఇడ్లీలు నిలబడే తిని మెట్రో ఎక్కారు.

హాల్లో లైట్లు ఆరాయి. తర్వాత ఏం జరిగిందో హరిత ఇప్పటికీ వరసగా చెప్పలేదు. తెర మీద ముందు ఒక చెప్పు కనిపించింది. దానికే అందరూ లేచారు. ఈలలు, అరుపులు. వెనక సీటాయన, చూస్తే బ్యాంకు మేనేజరులా ఉన్నాడు, కుర్చీ ఎక్కాడు. "వెయ్యండి రా!" అని అరిచాడు మహేష్. నాలుగేళ్లుగా గదిలోంచి కదలని మనిషి, హరిత జేబులో రెండు చేతులూ పెట్టి, దోసిళ్లతో తీసి, గాల్లోకి విసిరాడు. అతని ముఖం చూసి హరిత కూడా ఎందుకో తెలియకుండానే అరిచింది. తన గొంతు తనకే కొత్తగా వినిపించింది.

పాట అయిపోయింది. అందరూ కూర్చున్నారు. మహేష్ తన స్వెట్టర్ మీద అంటుకున్న ముక్కను దులపబోయి ఆగాడు. తెర వెలుగులో చూశాడు. ఫోన్ లైటు వేసి చూశాడు. వంగి నేల మీది ఇంకో ముక్క తీశాడు. మరొకటి తీశాడు. లైటు ఆర్పేసి తెర వైపు చూస్తూ కూర్చున్నాడు. ఇంటర్వెల్ దాకా మళ్లీ నవ్వలేదు. ఏం జరిగిందో హరితకు తెలియలేదు, ఏదో జరిగిందని మాత్రం తెలిసింది.

ఇంటర్వెల్‌లో పాప్‌కార్న్ వరస పక్కన నిలబడి అడిగాడు. "ఏ కట్ట చింపారే?"

"పాత టెస్ట్ పేపర్లే కదన్నయ్యా," అంది శ్రుతి.

అతను అరచెయ్యి చాపాడు. నాలుగు ముక్కలు. అతని చేతిరాత. "ఇయ్యి నా నోట్సు. నాలుగేళ్లవి."

శ్రుతి నోరు తెరిచింది. దీపు నేల చూశాడు. ఆ తర్వాత ఇద్దరూ హరిత వైపు తిరిగారు. "నువ్వు చదివే తీశావుగా?" అంది శ్రుతి. ఆ ప్రశ్నలో తిట్టు లేదు, తిట్టి ఉంటేనే నయం. కట్టలు తారుమారయ్యాయనొచ్చు. పైన పేరు చెరిగిపోయిందనొచ్చు. ఎవరూ కాదనరు. ఒంటరిగా సమోసా తిన్న రోజులు కళ్ల ముందు కదిలాయి హరితకు. అయినా నోటికి అబద్ధం రాలేదు.

"నాకు చదవడం రాదు," అంది తెలుగులో. హిందీ కలవకుండా వచ్చిన మొదటి పూర్తి తెలుగు వాక్యం అదే, ఖర్మ.

"రాదా? మరి వచ్చని ఎందుకు చెప్పావమ్మాయ్?" అంది శ్రుతి.

"వచ్చంటే మీతో తీసుకెళ్తారని."

మహేష్ ఆ ముక్కలు జేబులో వేసుకున్నాడు. లోపలికెళ్లి కూర్చున్నాడు. రెండో సగంలో ఒక కామెడీకి పగలబడి నవ్వాడు కూడా. ఈ మనిషికి కోపం వచ్చిందా, రాలేదా? నవ్వేవాడు క్షమించినట్టా? తిట్టనివాడు వదిలేసినట్టా? హరిత శ్రుతి చెవిలో, "గుస్సా హై క్యా?" అని అడిగింది. "నాకూ తెలీట్లేదే," అంది శ్రుతి. తిరుగు మెట్రోలో, కంటోన్మెంటు వైపు రైలు మారడానికి హరిత ఐఎన్ఏ స్టేషన్‌లో దిగబోతుంటే, తలుపులు తెరుచుకున్నాక అన్నాడు మహేష్.

"వచ్చే ఆదివారం పదింటికి గదికి రా. కొత్త నోట్‌బుక్ తెచ్చుకో."

తలుపులు మూసుకున్నాయి. నిలబెట్టి కడిగేయడానికా? జరిమానా రాయించడానికా? వారమంతా తిండి సయించలేదు. గ్రూపులోంచి తీసేస్తారేమోనని గంటకోసారి చూసుకుంది. తీసెయ్యలేదు, ఎవరూ ఏమీ రాయలేదు కూడా. దానికంటే తీసేసినా బాగుండుననిపించింది.

ఆదివారం వెళ్లింది. తలుపు తీసే ఉంది. మహేష్ బల్ల ముందు కూర్చుని ఉన్నాడు. "రెండు నెలల్లో ఆ నోట్సంతా మళ్లీ రాయాలి. నాకు గుర్తుంది, కానీ నా ఒక్కడి చెయ్యి చాలదు. నేను చెప్తుంటే నువ్వు రాయి."

"నాకు రాయడం కూడా..."

"తెలుసు. పొద్దున గంట అక్షరాలు, తర్వాత నా పని. అక్షరాలు వచ్చేదాకా హిందీ లిపిలో రాసుకుని, తర్వాత తెలుగులోకి మార్చు. నేర్చుకోక నీకు దారి లేదు, నేర్పక నాకూ దారి లేదు. ఏంది, అట్టా చూస్తావ్? కూర్చో."

ఇది శిక్షో పిలుపో తేల్చుకోలేక, ఆమె మంచం అంచున కూర్చుంది. అతను ఆమె కొత్త నోట్‌బుక్ లాక్కుని, ఎర్ర పెన్నుతో అట్ట మీద ఏదో రాసి తిరిగిచ్చాడు. కాస్త పెద్ద మాట. ఎక్కడో చూసిన వంపులే.

"ఇదేగా ఆ కట్ట మీద ఉంది?" అంది హరిత.

"అదే. ఇయ్యాల్టి పాఠం కూడా అదే. నా వెనకాలే పలుకు."

అతను ఒక్కో అక్షరం కింద వేలు పెట్టాడు. ఆమె పలికింది. పా. రే. యొ. ద్దు. నాలుగూ కలిపి ఇంకోసారి పలికింది. అమ్మ నోట వెయ్యిసార్లు విన్న మాటే. అది నోట్సు గురించి రాశాడో, తన గురించి రాశాడో అడుగుదామని తలెత్తింది. అతను అప్పటికే మొదటి పేజీ చెప్పడం మొదలుపెట్టాడు.