గడప బయట పరుపు

పర్చూరులో క్రికెట్ చూడనివాడు ఉండడు. ఫుట్‌బాల్ చూసేవాళ్లు మాత్రం ఇద్దరే. పరుపులు కుట్టే సుభానీ ఒకడు, అతని చిన్ననాటి స్నేహితుడు, మిరప రైతు అంకమ్మరావు ఇంకొకడు. ఇండియా ఆడుతోందంటే చాలు, ఇద్దరూ సుభానీ కొట్లో దూది బస్తాలకి ఆనుకుని టీవీ ముందు కూర్చునేవాళ్లు. ఓడితే కలిసి తిట్టేవాళ్లు. ఇరవై ఏళ్లుగా తిడుతూనే ఉన్నారు, పాపం.

ఆ జనవరిలో ఆసియా కప్పు. మొదటి రెండు మ్యాచ్‌లూ ఓడాం, గోలన్నదే లేదు. అంకమ్మరావుకి తిక్కరేగింది. మూడో మ్యాచ్ మొదలవుతుండగా, "ఒరేయ్ సుభానీ, ఇయ్యాళ కూడా ఒక్క గోలు పడకపోతే నీ కొట్టు గడప తొక్కను. మా అమ్మ మీద ఒట్టు" అనేశాడు. అంత మాట ఎందుకయ్యా అంటే వింటాడా? గోలు పడలేదు. కండువా దులుపుకుని వెళ్లిపోయాడు.

వాళ్లమ్మ గురవమ్మకి ఎనభై రెండేళ్లు. ఒట్టు తప్పితే ఆవిడకేమన్నా అవుతుందని కొడుక్కి భయం. రెండు నెలలు ఆ వీధి మొహం చూడలేదు. సుభానీకి సూది పట్టినా మనసు నిలవలేదు. ఓడటం అతనికి అలవాటే గానీ, పక్కన తిట్టే మనిషి లేకుండా ఓడటం అలవాటు లేదు. ఇక వాడు రాడేమోనని దిగులు పట్టుకుంది.

మార్చిలో ప్రపంచ కప్ అర్హత మ్యాచ్ వచ్చింది. రంజాన్ నెల. సుభానీ రోజా విడిచి టీవీ పెట్టేసరికి వాకిట్లో అంకమ్మరావు, నెత్తిన పరుపు. ముద్దలు కట్టిందట, ఏకి మళ్లీ కుట్టాలట. సుభానీ నొక్కి చూశాడు. దీపావళికి తను కుట్టిందే, ఎక్కడా చిన్న ముద్ద లేదు. ఆ సంగతి ఎత్తకుండా పరుపుని గడప బయట పరిచి, టీవీని వీధివైపు తిప్పాడు. సుభానీ భార్య ఖుర్షిదా నవ్వు దాచుకుంటూ అంకమ్మరావు అన్నయ్యకి గిన్నెడు గంజి తెచ్చి ఇచ్చింది.

ఒకడు గడప లోపల, ఒకడు బయట. విరామానికి కాస్త ముందు మనకి పెనాల్టీ దొరికింది. గోలు పడింది! ఎవరు ముందు లేచారో, ఎవరు ఎవర్ని వాటేసుకున్నారో తెలియదు గానీ, తేరుకునేసరికి అంకమ్మరావు కొట్టు నట్టనడుమ ఉన్నాడు.

కిందికి చూసుకునేసరికి మొహం పాలిపోయింది. ఇంటికి ఫోన్ చేశాడు.

"అమ్మా, బానే ఉన్నావా?"

"అన్నం తింటన్నా. ఏరా, గోలు పడిందా?"

పడిందనీ, గడప తొక్కేశాననీ చెప్పాడు.

"ఆ ఒట్టు నేను ఆ రోజే తీసి గట్టున పెట్టేశా లేరా. రెండు నెల్ల నుంచి ఇంట్లో నీ సణుగుడికే నా ప్రాణం పోయేట్టుంది. అక్కడే కూర్చో" అని గురవమ్మ ఫోన్ పెట్టేసింది.

పరుపు లోపలికొచ్చింది. ఇద్దరూ దాని మీదే కూర్చున్నారు. తర్వాత ఏమైందంటారా? అవతలివాళ్లు రెండు కొట్టారు, మనం ఓడాం. అంకమ్మరావు కండువా దులిపి, "ఇంక జన్మలో..." అని మొదలుపెట్టి, టక్కున నోరు మూసుకున్నాడు. మళ్లీ కూర్చున్నాడు.

"పరుపు ఇక్కడే ఉండనీ," అన్నాడు. "మళ్లీ మ్యాచ్ ఎప్పుడ్రా?"